నొప్పుల డబ్బా

పోయిన వారం క్లాసులో ఒక కొత్త అమ్మాయిని లేపి, షికుషికు అంటే ఏమిటో చేసి చూపించమన్నాను. కడుపులో ఎక్కడో సన్నగా, ఆగకుండా, ఎవరో లోపల కూర్చుని ఏడుస్తున్నట్టు వచ్చే నొప్పికి జపాన్ వాళ్లు పెట్టుకున్న మాట అది. ఆ అమ్మాయి తడుముకోలేదు. బొటనవేలూ పక్క రెండు వేళ్లూ కలిపి పొట్ట దగ్గర పెట్టి, దూదికి పురి పెడుతున్నట్టు మెల్లగా తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఎడమ కన్ను సగం మూసింది.

నాకు ముందు నవ్వొచ్చింది. వెంటనే కళ్లల్లో నీళ్లొచ్చాయి. పిల్లల ముందు బాగుండదని బోర్డు వైపు తిరిగి, తుడిచిన బోర్డునే మళ్లీ తుడిచాను.

"ఎవరు నేర్పిన్రు నీకిది?" అని అడిగాను.

"మా సీనియర్ అక్క మేడమ్. జపాన్‌ల అందరు గిట్లనే చేస్తరంట కదా!"

జపాన్‌లో ఎవ్వరూ అలా చేయరు. మూడేళ్లు అక్కడ ముసలివాళ్లకు సేవ చేసే చోట పనిచేసి వచ్చాను, నాకు తెలుసు. ఆ వేళ్లు ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు పక్కన, మా క్లాసుకు సరిగ్గా కింద కూర్చుని పరుపులు కుట్టిన ఒక మనిషివి. పోయిన వానాకాలంలో పోయాడు. ఈ అమ్మాయి ఆయన్ని చూడనైనా చూడలేదు.

మేమంతా చాచా అనేవాళ్లం. దూదేకుల ఇల్లు. కింద దుకాణం, వెనక ఇల్లు, పైన ఒక పెద్ద గది. ఆ గదిని నర్సులకు జపాన్ భాష నేర్పే సారుకు అద్దెకిచ్చాడు. ఎండాకాలమైనా చలికాలమైనా ఆయన కనుబొమల మీద దూది ఉండేది. దులుపుకోమంటే, "దులిపితే మల్ల కూసుంటది బిడ్డా, దానికి శ్రమ, నాకు శ్రమ" అనేవాడు. దూది ఏకడానికి మిషన్ వచ్చి చాలా ఏళ్లయినా పాత విల్లును గోడకు వేలాడదీసి ఉంచాడు. ఎవరైనా దాన్ని కొంటామని అడిగితే మాత్రం చెవులు వినపడనట్టు నటించేవాడు.

నటన ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. దాని కథే ఇదంతా.

మొదటిరోజు ఫ్యాన్ చప్పుడు చేస్తుందేమో చూడడానికని పైకొచ్చాడు. రెండోరోజు స్విచ్ బోర్డు చూడడానికి. మూడోరోజు ఏ సాకూ లేకుండానే వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. వారం తిరిగేసరికి ముందు బెంచీకి చేరాడు. "ఏకై వచ్చి మేకై కూసున్నవ్ చాచా" అని సారు వాపోతే, "నా ఇంట్ల నేను మేకు కాకపోతే ఎవరైతరు సారూ?" అని కాళ్లు చాపుకున్నాడు.

ఆ వారమే సారు బోర్డు మీద నొప్పి అనే అక్షరం రాశాడు. 痛. జపాన్ వాళ్ల అక్షరాలు అక్షరాలు కావు, బొమ్మల మూటలు. పైన ఒక కప్పు, పక్కన రెండు చుక్కలు, ఆ కప్పు కింద ఇంకేదో సామాను. కప్పూ చుక్కలూ కలిసి జబ్బుకు గుర్తు అని, పూర్వం మనిషి మంచం మీద పడుకున్న బొమ్మ నుంచి అది వచ్చిందని సారు చెప్పాడు. మేము పన్నెండుమందిమి బుద్ధిగా రాసుకున్నాం. చాచా లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, అద్దాలు పైకెత్తి, కిందికి దించి, చాలాసేపు చూశాడు.

"మంచమున్నది. మనిషున్నడు. మరి పరుపేది సారూ?"

సారు కూడా తిరిగి బోర్డులో వెతికాడు.

"పరుపు లేని మంచం మీద పంటే నొప్పి గాక ఏమైతది? ఆళ్లకు తెల్వక గింత కష్టపడి రాసుకున్నరు."

ఆ రోజు నుంచి ఆ అక్షరాన్ని నేను మర్చిపోలేదు. అలాగే నడుము అనే అక్షరంలో ఒక పక్క కండ, ఇంకో పక్క 'ముఖ్యం' అనే గుర్తు ఉంటాయని సారు చెబితే, చాచా తొడ చరుచుకుని, "గిదన్న తెలివైన మాట. నడుం పోయినోన్ని అడుగున్రి, ఏది ముఖ్యమో జెప్తడు" అన్నాడు. కప్పు కింద చర్మం పెడితే అలసట. అది విని తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. నలభై ఏళ్లు దబ్బనం పట్టిన చేతులవి, పరుపు కుట్టే ఆ పెద్ద సూది వేళ్ల మీద గాట్లు పెట్టింది.

నొప్పి మాటల దగ్గర మాత్రం సారుతో రోజూ పేచీయే. జపాన్ వాళ్లకు ఒక్కో నొప్పికి ఒక్కో జంట మాట ఉంటుంది. నరం కొట్టుకుంటున్నట్టుంటే జుకిజుకి. సూదులతో పొడిచినట్టుంటే చికుచికు. తోలు ఊడినచోట మండితే హిరిహిరి. తలలో డప్పు మోగితే గన్‌గన్. తిమ్మిరెక్కితే జిన్‌జిన్. ఇవి విన్నప్పుడల్లా చాచా ఆకు వక్క ఎంచినట్టు తన దగ్గరున్నవి బయటికి తీసేవాడు. సలుపు, పోటు, గుంజుడు, పీకుడు, తిమ్మిరి, జివ్వుమనుడు, కలుక్కుమనుడు. "ఒక్క మోకాలికే నా దగ్గర ఆరున్నయ్. నీ జపానోళ్లకు ఎన్ని?" అని అడిగేవాడు. సారు పుస్తకం తిరగేసి, రేపు చెబుతానని తప్పించుకునేవాడు.

ఇక ఆ డబ్బా. మాకు మాటలు నోటికి వచ్చేవి గానీ మనుషుల దగ్గర పనికొచ్చేవి కావు. దానికి చాచా ఒక ఉపాయం చెప్పాడు. ఒక పాత బిస్కెట్ డబ్బాలో చిట్టీలు వేయాలి. చిట్టీకి ఒక పక్క సారు జపాన్ భాషలో నొప్పి పేరు రాయాలి. అది చాచాకు చదవరాదు కాబట్టి సారు చెవిలో చెబితే రెండో పక్క ఆయన బొమ్మ వేసుకుంటాడు. పన్ను, మోకాలు, బూరలా ఉబ్బిన పొట్ట. రోజూ ఆయన ఒక చిట్టీ తీసి ఆ నొప్పి నటిస్తాడు. మాలో ఒకరు జపాన్ భాషలో ప్రశ్నలడిగి అదేమిటో కనిపెట్టాలి. కనిపెట్టలేని వాళ్లు కిందికి వెళ్లి అరగంట బూరుగు దూదిలో నల్ల గింజలు ఏరాలి.

చివరి షరతు ఎంత అమాయకంగా పెట్టాడంటే, సారుతో సహా మేమంతా బాగుంది బాగుంది అని తలలూపాం. చదువు పేరు చెప్పి పన్నెండుమంది నర్సులతో మూడు నెలలు దూది ఏరించిన మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే అయి ఉంటాడు. పైగా కొన్ని రోజులు దుకాణంలో పని ఎక్కువుంటే నొప్పులు కావాలనే కష్టంగా నటించేవాడు. శేరిగూడ కాలేజీలు తెరిచే రోజుల్లో హాస్టళ్ల పిల్లలకు పరుపులు కావాలి. ఆ నెలంతా మాలో ఒక్కరికీ ఒక్క నొప్పీ దొరకలేదు.

దుకాణానికి వచ్చేవాళ్లనూ వదల్లేదు. కొంగరకలాన్ ఫ్యాక్టరీలో పొద్దస్తమానం నిలబడి పనిచేసే అమ్మాయి పరుపు కోసం వస్తే, ఏ సైజు అని అడిగేవాడు కాదు. "కాళ్లు జుకిజుకి అంటున్నయా, జిన్‌జిన్ అంటున్నయా?" అని అడిగేవాడు. ఆ పిల్ల తెల్లమొహం వేస్తే రెండూ నటించి చూపించి, ఒకటి ఎంచుకోమనేవాడు. వెళ్లేవాళ్లందరికీ "ఒదైజిని" అని దండం పెట్టేవాడు. అది జబ్బుపడ్డ వాళ్లకు 'ఒంట్లో జాగ్రత్త' అని చెప్పే మాట, కొనడానికొచ్చిన వాళ్లకు చెప్పకూడదు అని సారు నెత్తీ నోరూ బాదుకున్నాడు. "నా తాన్కి ఒచ్చెటోళ్లంత నొప్పులున్నోళ్లే గద సారూ" అన్నాడు చాచా.

చాచీ మాత్రం మా క్లాసు గడప తొక్కలేదు. మెట్ల మొదట్లో చాప వేసుకుని, ముందు తట్ట పెట్టుకుని గింజలు ఏరుకుంటూ ఉండేది. సన్నటి మనిషి, తక్కువ మాట. మా అరుపులు పైనుంచి వినిపిస్తుంటే, "తూ, ఏం భాషనో ఏమో! పిచ్చుకలు కొట్లాడుకున్నట్టున్నది" అని మొహం తిప్పుకునేది. నేను గింజలు ఏరడానికి కిందికి దిగినప్పుడల్లా, "మల్ల ఓడినవా? ఏం నొప్పి ఇయ్యాల?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. "అట్లనా" అని ఊరుకునేది. ఒక్కోసారి మళ్లీ అడిగేది. ముసలావిడకు మతిమరుపు అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

ఆ చాప మీద అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నది నేనే. నర్సింగ్ అయ్యాక నాలుగేళ్లు సిటీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేశాను. ఒక్కదానికి ఇరవైమంది రోగులు. నొప్పి అంటే సూది, ఇంకా నొప్పి అంటే ఇంకో సూది. ఎక్కడ, ఎప్పటినుంచి, ఎలాగ అని అడుగుతూ నిలబడితే పక్క మంచం వాళ్లు అరుస్తారు. అడగకపోవడమే అక్కడ పనితనం. ఆ పనితనంతోనే మొదటిసారి జపాన్ వాళ్ల ఇంటర్వ్యూకు కూర్చున్నాను. తెరమీద ఒక పెద్దావిడ రోగిలా మూలిగింది. "నొప్పా అండి? మందు తెస్తాను" అన్నాను. అర నిమిషంలో ముగించేశానని లోపల మురిసిపోయాను కూడా. ఫెయిల్ చేశారు. 'ఈమె రోగిని ఏమీ అడగలేదు' అని ఒకే ఒక్క వాక్యం రాసి పంపారు. రెండోసారి కూడా పోతే ఇక అవకాశం లేదు. మళ్లీ ఆ ఇరవై మంచాల మధ్యకే వెళ్లాలి. తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

చాచాకు ఈ సంగతి తెలుసు. నా వంతు వచ్చిన ప్రతిసారీ నన్ను పీడించి వదిలేవాడు. నేను రెండో ప్రశ్నకే "జుకిజుకి!" అని అరిచేదాన్ని. ఆయన వేళ్లు తిప్పడం ఆపి, ఎడమ కన్ను పూర్తిగా తెరిచి, "పో బిడ్డా, దూది పిలుస్తున్నది" అనేవాడు. ఒక మాట దగ్గరైతే మూడుసార్లు ఓడిపోయాను. షిమెత్సుకెరారెరు. రైలు పెట్టెల్లా సాగే మాట. గుండెను ఎవరో తాడుతో బిగించినట్టు వచ్చే నొప్పి. నాకు నోరు తిరిగేది కాదు. చాచా మాత్రం ఆ ఒక్క మాటను సారు చేత పదిసార్లు చెప్పించుకున్నాడు. చాచాకు మాటల పిచ్చి, ఇంకేముంది అనుకున్నాం.

రెండో ఇంటర్వ్యూ రోజు. ఈసారి నియమం వేరు, మా దగ్గరున్న ఒక మనిషిని రోగిగా కూర్చోబెట్టాలి, నేను అడిగి కనిపెట్టి, కార్డు మీద రాసి తెరకు చూపించాలి. సారు మంచివాడే గానీ భయస్థుడు. నేను మళ్లీ పోతే ఆయన క్లాసుకూ చెడ్డపేరు. ముందురోజే నన్నూ చాచానూ కూర్చోబెట్టి నొప్పి తేల్చేశాడు.

"చాచా, తలనొప్పి. గన్‌గన్. గంతే. మర్చిపోవద్దు."

"ఫికర్ చెయ్యకు సారూ" అన్నాడు చాచా, నిమ్మళంగా.

నేను ప్రశ్నలు రెండే బట్టీ పట్టాను. జవాబు రాసిన కార్డు దుపట్టా కింద సిద్ధంగా పెట్టుకున్నాను. మోసమని తెలుసు. సిగ్గు కూడా వేసింది. అయినా పెట్టుకున్నాను.

తెరమీద ఇద్దరు ఆడవాళ్లు. ఒకావిడ వయసులో పెద్దది, అప్పుడు నన్ను ఫెయిల్ చేసిన ఆవిడే. మంచం మీద చాచా స్వయంగా కుట్టిన పరుపు, దానిమీద చాచా. వంగి దండం పెట్టి, "దోకో గ ఇతాయ్ దెస్ క?" అన్నాను. ఎక్కడ నొప్పి అని. ఆయన చెయ్యి తలమీదికి వెళ్తుందని చూస్తున్నాను. వెళ్లలేదు.

"తలా?" అన్నాను జపాన్ భాషలో, కళ్లతో బతిమాలుతూ.

"ఇయే" అన్నాడు. కాదు.

కెమెరాకు కనిపించని మూలలో సారు తన తల రెండు చేతులా పట్టుకుని ఊపుతున్నాడు. చాచాకు గుర్తు చేస్తున్నాననుకున్నాడు గానీ, కాసేపట్లో ఆయనకు నిజంగానే గన్‌గన్ మొదలై ఉంటుంది. చాచా అటు చూడనే లేదు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఈ ముసలాయన ఇవ్వాళ కూడా నాతో దూది ఏరించాలని చూస్తున్నాడు అనుకున్నాను. కార్డు దుపట్టా కిందే ఉండిపోయింది. ఇక దారి లేదు, అడగాలి.

అడిగాను. ఎక్కడ? "మునె" అన్నాడు. ఛాతీ. ఎప్పటినుంచి? మూడు వేళ్లు చూపించి, నెలలు అన్నాడు. ఎప్పుడొస్తుంది? "కైదాన్." మెట్లు. ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఎక్కేటప్పుడు. నిలబడితే తగ్గుతుందా? తగ్గుతుంది. చెయ్యి లాగుతుందా? ఎడమ చెయ్యి కొంచెం ఎత్తి చూపించాడు.

ఎప్పుడూ తిప్పే వేళ్లు ఆరోజు తిప్పలేదు. కన్ను మూయలేదు. నటించేటప్పుడు ఆయన మొహంలో ఒక చిన్న నవ్వు దాక్కుని ఉండేది, అది లేదు. అప్పుడుగానీ నాకు తట్టలేదు. ఎలా ఉంటుంది ఆ నొప్పి అని అడిగాను.

పిడికిలి బిగించి ఛాతీ మీద ఆనించి, ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. "షిమెత్సుకెరారెరు."

ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూశాను. చూడాలని నాకెవరూ చెప్పలేదు. కొత్త కార్డు తీసి, కప్పు, రెండు చుక్కలు, కింద సామాను రాసి, ముందు ఛాతీ అక్షరం పెట్టి తెరకు చూపించాను. విశ్రాంతి తీసుకోండి, డాక్టరుకు చెబుతాను, నేను పక్కనే ఉంటాను అన్నాను. పుస్తకంలో ఉన్న మాటలే. తెరమీది పెద్దావిడ కార్డు చదివి, తెరకు దగ్గరగా వంగింది. తర్వాత, ఈయనకు నిజంగా బాగోలేదా అని సారును అడిగింది. అయ్యో లేదండీ, నటన, నటన అన్నాడు సారు చెమట తుడుచుకుంటూ. చాచా పళ్లన్నీ కనబడేట్టు నవ్వి, "ఆక్టింగ్!" అని చేతులూపాడు. ఆవిడ ఆయనకు తలవంచి, "ఒదైజిని" అంది.

తెర ఆరిపోగానే సారు చాచా మీద పడ్డాడు. "గన్‌గన్ అని జెప్తే ఏం జేసినవ్ చాచా? పిల్ల బతుకు ఆగం జేస్తివి!"

"ముందే తెల్సిన నొప్పికి నర్సెందుకు సారూ?" అన్నాడు చాచా. అంతా నవ్వారు. నేను నవ్వలేదు.

మా మెట్లు పద్నాలుగు. చాచా రోజూ ఎక్కేటప్పుడు, మలుపులో వెడల్పుగా ఉండే ఏడో మెట్టు మీద ఆగి, గోడకు చెయ్యి ఆనించి, సాగర్ రోడ్డు మీద పోయే బండ్లు చూసేవాడు. "ఇయ్యాల ట్రాఫిక్ మస్తున్నది" అనేవాడు. మూడు నెలలు నేను ఆయన పక్కనుంచి, ఒక్కోసారి ఆయన్ని తోసుకుంటూ పైకెక్కాను. నర్సును కదా మరి, నాకు క్లాసుకు ఆలస్యమవుతుంది. ఇప్పటికీ ఆ ఏడో మెట్టు మీద కాలు పెడితే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆరోజు కిందికి దిగుతున్న ఆయన్ని అక్కడే ఆపాను.

"నిజం చెప్పు చాచా. ఆక్టింగ్ కాదు కదా?"

అటూ ఇటూ చూశాడు. "అవ్ బిడ్డా. నిజమే. ఎవ్వర్తోని అనకు."

"మరి ఎందుకు చెప్పలేదు ఇన్ని రోజులు?"

"తెలుగుల చెప్తే గుండెనొప్పైతది. ఇంటిదానికి తెలుస్తది. ఇగ దవాఖాన, మంచం, దుక్నం బంద్. దూది ముట్టకుంటే నేనేం మనిషిని? గదే జపాన్‌ల చెప్పిననుకో, ఆక్టింగైతది." గోడకు చెయ్యి ఆనించాడు. "మూన్నెల్ల సంది ఎవరికన్న చెప్పాల్నని ఉండె. ఇయ్యాల చెప్పిన. జర తేలికైంది. ఒట్టెయ్, చాచీకి చెప్పనని."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే. ఊరందరి నొప్పులూ పేరుపెట్టి పిలిచిన మనిషి తన నొప్పిని దాచుకోవడానికి ఒక దేశం భాష నేర్చుకున్నాడు. నేను ఒట్టు వేయలేదు. వేయనని కూడా అనలేదు. ఆయన దుకాణంలోకి పోయాడు, నేను మిగతా మెట్లు దిగుతూ ఒక్కో మెట్టుకు ఒక్కో మాట అనుకున్నాను. చెప్పాలి. చెబితే ఈయన నన్ను మళ్లీ నమ్మడు. చెప్పకపోతే రేపు ఈ మెట్ల మీదే పడిపోతాడు. ఏమైతే అదయింది, చెప్పేద్దాం అనుకునేసరికి కింది మెట్టు వచ్చింది.

చాప ఖాళీగా ఉంది. తట్ట మూలకు జరిపి ఉంది. చాచీ బురఖా వేసుకుని, చెప్పులు తొడుక్కుని, ఒక చేతిలో ఆరోగ్య కార్డు, ఇంకో చేతిలో నీళ్ల సీసాతో ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. బయట ఆటో అప్పుడే వచ్చి ఆగింది.

"చాచీ, చాచాకు..." అని మొదలుపెట్టాను.

"షిమెత్సుకెరారెరు" అంది చాచీ. నాకు నోరు తిరగని మాట, పాలు పోసినంత తేలిగ్గా అనేసింది. "గుండె బిగవట్టినట్టు. గదే గదా? విన్న. పైన తలుపెనకనే ఉన్న."

నేను తలెత్తి పైన క్లాసు తలుపు వైపు చూశాను.

"మూన్నెల్ల సంది తేలు కుట్టిన దొంగ తీర్గ తిరుగుతున్నడు. ఏమైందంటె ఏం కాలె అంటడు. తెలుగుల చెప్పడని నాకెర్క. నాతోటి నలబై ఏండ్ల సంది చెప్పలే, ఇప్పుడు చెప్తడా? గా పిచ్చుకల భాషలనన్న నోరు జారుతడేమో అని అన్ని మాటలు నేర్చుకుంట కూసున్న. నీ పుణ్యాన నువ్వు దినాం ఓడిపోతివి, నాకు దినాం ఒక పాఠమాయె." దుకాణం వైపు తిరిగి గొంతు పెంచింది. "ఓ జపానాయనా! ఒస్తవా, ఆటోల ఎత్తేయమంటవా?"

చాచా దబ్బనం చేతిలో పట్టుకునే బయటికొచ్చాడు. చాచీని చూశాడు, ఆటోను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "నేను చెప్పలేదు చాచా" అన్నాను. ఆయన నమ్మలేదు. చాచీ ఇంకోసారి ఆ మాట అంది. అప్పుడు నమ్మాడు. అంత పెద్ద నటుడి మొహం అలా వెలవెలబోవడం ఆ ఒక్కసారే చూశాను.

దవాఖానలో డాక్టరు మంచి ఓపికగల మనిషి. "ఎట్లుంటది పెద్దాయనా నొప్పి?" అని అడిగాడు. చాచా గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు. చాచీ ఊరుకోలేక, "షిమెత్సుకెరారెరు సారూ" అంది. డాక్టరు చేతిలో కలం ఆగిపోయింది. ఇద్దరు తెలుగు ముసలివాళ్లకూ ఒక తెలుగు డాక్టరుకూ మధ్య నిలబడి, జపాన్ మాటను తెలుగులోకి మార్చి చెప్పాను. అదే నా మొదటి ఉద్యోగం, జీతం లేనిది. ఈసీజీ తీశారు, అక్కణ్నుంచి పట్నం పంపారు, రెండు స్టెంట్లు వేశారు. మిషన్ దగ్గరికి పోవద్దు, కూర్చుని కుట్టుకోవచ్చు అన్నారు. అంటే ఆయన మూడు నెలలు భయపడ్డదాంట్లో సగం కూడా జరగలేదు.

ఇంటికొచ్చాక, డాక్టరుకు తెలుగులో చెప్పేశానని నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు నా ఫలితం వచ్చింది. పాస్. ఈసారి కూడా ఒకే ఒక్క వాక్యం. 'ఈమె అడుగుతుంది, చెప్పేదాకా ఆగుతుంది.' సారు చదివి తెలుగులో చెబుతుంటే చాచా మంచం మీద నుంచి, "మరి రోగి ఆక్టింగ్ గురించి ఏం రాయలేదా?" అన్నాడు. అలా మాటలు కలిశాయి.

ఆ తర్వాత నాలుగేళ్లు బతికాడు. నేను తిరిగొచ్చి ఇదే గదిలో పాఠాలు చెబుతుంటే, ముందు బెంచీ మీద కూర్చుని నా ఉచ్చారణలో తప్పులు పట్టాడు. ఏడో మెట్టు మీద ఆగడం మాత్రం మానలేదు. అక్కడ చాచీ వేయించిన ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. దానిలో దర్జాగా కూర్చుని, "ఇప్పుడు నిజంగనే ట్రాఫిక్ చూస్తున్న" అనేవాడు. వానాకాలంలో ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు.

మొన్న ఆదివారం డబ్బా తీసుకుని కిందికి వెళ్లాను. కొత్త అమ్మాయి వేళ్లు తిప్పిన సంగతి చాచీకి చెప్పాలనిపించింది. దుకాణం మూసే ఉంటుంది గానీ ఆవిడ దిండ్లు కుడుతుంది, ఆ చాప మీదే, ఆ తట్ట ముందే. చెబితే నవ్వింది. "నయం, దూది ఏరుడు కూడ జపాన్‌లనే పుట్టిందంటరు ఇగ" అంది.

"నువ్వెట్లున్నవ్ చాచీ?" అని అడిగాను.

"మంచిగనే ఉన్న."

నేను లేవలేదు. ఆగాను. ఆవిడ నా చేతిలో డబ్బా తీసుకుని, చిట్టీలు ఒళ్లో బోర్లించుకుని, చాచా వేసిన బొమ్మలు ఒక్కొక్కటే చూసింది. పన్ను, మోకాలు, ఉబ్బిన పొట్ట, పరుపు లేని మంచం. అన్నీ చూసి మళ్లీ డబ్బాలో వేసింది.

"నాది గిండ్ల లేదు" అంది.

ఎక్కడ అని అడిగాను. తెలియదంది. ఎప్పటినుంచి అని అడగలేదు, నాకు తెలుసు. ఎప్పుడొస్తుంది అన్నాను.

"పొద్దుగాల చాయ్ రెండు గ్లాసులల్ల పోస్త సూడు, అప్పుడు."

"ఎట్లుంటది చాచీ?"

"నువ్వే చెప్పు. నర్సువు గదా, జపాన్ పోయొచ్చినవ్." ఎడమ కన్ను సగం మూసి నన్నే చూస్తోంది.

తెలుగులో వెతికాను. జపాన్ భాషలో వెతికాను. సలుపు కాదు, పోటు కాదు, షికుషికు దగ్గరదాకా వచ్చింది గానీ అదీ కాదు. చాలాసేపు చూసి, తెలియడం లేదు చాచీ అన్నాను.

"తెల్వకపోతే ఏం చెయ్యాల్నో ఎర్కనే గదా" అని చాచీ తట్టను నా వైపు తోసింది. దుపట్టా నడుముకు చుట్టి, ఆవిడ పక్కన కూర్చుని గింజలు ఏరడం మొదలుపెట్టాను.